రిపోర్టులన్నీ నార్మలే.. మరి కుర్చీలోంచి లేవగలుగుతున్నారా?

మీ ఇంట్లో అరవై దాటిన వాళ్లుంటే వాళ్ల పేరుతో ఒక ప్లాస్టిక్ ఫైలు కూడా ఉండే ఉంటుంది. మూడు నెలల షుగర్ సగటు, కొలెస్ట్రాల్, క్రియాటినిన్, థైరాయిడ్, రెండేళ్ల కిందటి ఈసీజీ, నిరుడు తీయించిన మోకాలి ఎక్స్‌రే, అన్నీ అందులో తేదీలవారీగా ఉంటాయి. ఉప్పల్, నాచారం, రామంతాపూర్, మల్లాపూర్ వైపు నుంచి మా ఓపీకి వచ్చే కుటుంబాల్లో చాలామంది ఈ ఫైలు మర్చిపోకుండా తెస్తారు. సంతోషమే. ప్రభుత్వాసుపత్రి డాక్టరుకు ఒక్కో రోగితో దొరికేది రెండు మూడు నిమిషాలు. ఫైలు సరిగ్గా ఉంటే సగం పని అయినట్టే.

ఆ ఫైల్లో ఎప్పుడూ కనిపించనిది ఒకటుంది. "నాన్నగారు పోయిన వారం మొత్తం మీద ఎంతసేపు నడిచారు? చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరు?" అని అడిగితే కొడుకు తండ్రి వంక చూస్తాడు, తండ్రి కోడలి వంక చూస్తాడు. షుగర్ ఎంతో దశాంశ స్థానం వరకు చెప్పగలిగిన ఇంట్లో ఈ ప్రశ్నకు జవాబు ఉండదు.

జవాబు లేకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. నాచారం నుంచి వచ్చే 71 ఏళ్ల పెద్దాయన. మూడు నెలల షుగర్ సగటు 6.8, బీపీ 130/80. మందులు ఒక్క పూట కూడా తప్పించరు. ఒకరోజు తెల్లవారుజామున బాత్రూమ్‌కని లేచి, తూలి పడి, తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ ఆ తర్వాత ఆయన ఒంటరిగా గుమ్మం దాటింది లేదు. "అన్ని రిపోర్టులూ నార్మలే కదా సార్, ఇలా ఎలా అయింది?" అని ఆయన కొడుకు అడిగాడు. రిపోర్టులు అబద్ధం చెప్పలేదు. రెండేళ్లుగా ఆయన సోఫాలోంచి రెండు చేతులూ ఊతం చేసుకుని లేస్తున్నారు. ఇంట్లో అందరూ చూశారు. వయసు మీద పడితే అంతేలే అనుకున్నారు. నా దృష్టిలో ఆ ఇంటికి అందిన మొదటి రిపోర్టు అదే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇది: పెద్దవాళ్ల కదలికను కూడా బీపీలాగే కొలవాలి, రాసి పెట్టుకోవాలి. కొలిచాక తగ్గిందని తేలితే "వాకింగ్‌కి వెళ్లండి" అని పోరు పెట్టడం కన్నా, మనం వాళ్ల చేతుల్లోంచి లాక్కున్న పనులు కొన్ని తిరిగి ఇవ్వాలి.

లాక్కోవడం అనేది పెద్ద మాటే. అయినా కావాలనే వాడాను. పాతికేళ్ల కిందట చిలకానగర్‌లోనో స్నేహపురి కాలనీలోనో ఒక ఇల్లు ఎలా నడిచేదో గుర్తు తెచ్చుకోండి. పొద్దున్నే పాల కోసం బూత్ దాకా నడక. వారానికోసారి అంగడి, రెండు చేతుల్లో రెండు సంచులు. కరెంటు బిల్లుకు క్యూ. సాయంత్రం గుడి, ప్రదక్షిణలు. మేడ మీద వడియాలు, బట్టలు. ఇప్పుడు పాల ప్యాకెట్ తలుపు గొళ్లేనికి వేలాడుతుంది. కూరగాయలు పది నిమిషాల్లో వస్తాయి. పూజకు పూలు కూడా యాప్‌లోనే. బిల్లు ఫోన్లో. ఇల్లు అపార్ట్‌మెంట్ అయింది, లిఫ్ట్ వచ్చింది. ఇవన్నీ సౌకర్యాలే, నేనూ వాడుతున్నాను. కానీ ఆఫీసుకు పరిగెత్తే వాళ్లకు మిగిలిన ఆ సమయం, ఇంట్లో ఉండే పెద్దవాళ్ల కాళ్ల నుంచి తీసుకున్నదే. దీనికి తోడు మన ప్రేమ. "అత్తమ్మా, మీరు కూర్చోండి, నేను చేస్తాను." "నాన్నా, ఎండలో మీకెందుకు, నేను తెస్తా కదా." ఈ మాటల్లో దురుద్దేశం ఏమీ లేదు. రోజుకు ఇరవై సార్లు అవే మాటలు వింటే మాత్రం మనిషి నిజంగానే కూర్చుండిపోతాడు.

ఒకావిడ మా ఓపీలో అన్న మాట: "ఏం జేయాలె సారూ, ఏది ముట్టుకున్నా వద్దంటరు. పొద్దుందాక కూసుండుడే." మోకాళ్ల నొప్పులకు బిళ్లలు రాయమని వచ్చిందావిడ.

మన ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. నాచారం, ఉప్పల్, మౌలాలి పారిశ్రామికవాడల్లో పనిచేయడానికి ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడిన తరం ఇప్పుడు అరవైల్లో, డెబ్బైల్లో ఉంది. వీళ్లలో చాలామంది జీవితంలో ఎప్పుడూ 'ఎక్సర్‌సైజ్' చేయలేదు. అవసరం రాలేదు. సైకిల్ మీద షిఫ్టుకు వెళ్లడం, మెషీన్ ముందు ఎనిమిది గంటలు నిలబడటం, తిరిగి సైకిల్ తొక్కుకుంటూ రావడం. వ్యాయామమంతా ఉద్యోగంలోనే ఉంది. రిటైర్ అయిన రోజు దండ, శాలువా ఇంటికొచ్చాయి. వ్యాయామం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది. తిండి మాత్రం షిఫ్టు చేసిన రోజుల్లో ఎంతో అంతే.

లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు 1953లో ప్రచురించిన అధ్యయనం వైద్య విద్యార్థులందరికీ తెలుసు. రెండంతస్తుల బస్సుల్లో రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండె జబ్బులు తక్కువని ఆయన గమనించాడు. మన ఉప్పల్ డిపోలో చేసి రిటైరైన కండక్టర్లను చూసినప్పుడల్లా నాకది గుర్తొస్తుంది. ముప్పై ఏళ్లు కిక్కిరిసిన బస్సులో నిలబడే బతికిన మనిషి, రిటైరైన ఏడాదికే టీవీ ముందు స్థిరపడితే ఒంటికి అది ఎంత పెద్ద మార్పో ఆలోచించండి.

మన నగరంలోనూ ఇలాంటి పని జరిగింది. 2005 నుంచి 2007 వరకు నాలుగు నగరాల్లో జరిగిన ఇండియన్ మైగ్రేషన్ స్టడీలో హైదరాబాద్ ఒకటి. ఫ్యాక్టరీల్లో పనికి ఊరి నుంచి వచ్చినవాళ్లను, ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులను పోల్చి చూశారు. ఒకే తల్లి పిల్లలు, దాదాపు ఒకే బాల్యం. అయినా నగరానికి వచ్చినవాళ్లలో శారీరక శ్రమ తక్కువ, ఊబకాయం, మధుమేహం ఎక్కువ. వీళ్లు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. రిటైరయ్యాక పరిస్థితి ఎలా ఉంటుందో మా ఓపీ లైనులో కనిపిస్తూనే ఉంది.

అడిగితే తేలుతుందా?

కదలికను కొలవడం ఇప్పటికే మొదలైంది, కాకపోతే చాలా పైపైన. మీ బస్తీకి వచ్చే ఆశా కార్యకర్త 30 ఏళ్లు దాటిన వాళ్లకు ఒక ఫారం నింపుతుంది. సీబ్యాక్ అంటారు. వయసు, పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, కుటుంబంలో జబ్బులతో పాటు, వారానికి కనీసం 150 నిమిషాలు శారీరక శ్రమ చేస్తున్నారా అన్న ప్రశ్న కూడా అందులో ఉంటుంది. లేదంటే ఒక మార్కు కలుస్తుంది. మొత్తం నాలుగు దాటితే పరీక్షలకు ముందు పిలవాలి. అరవై దాటిన వాళ్లకు విడిగా, నిలబడినప్పుడు నడిచేటప్పుడు తూలుతున్నారా, స్నానానికి బట్టలు వేసుకోవడానికి ఇంకొకరి సాయం కావాలా అని కూడా అడుగుతారు. ఆమె తలుపు కొట్టినప్పుడు "మాకు అన్నీ బాగానే ఉన్నాయమ్మా" అని పంపించేయకండి. ఆ ప్రశ్నలు ఊరికే పెట్టినవి కావు.

150 నిమిషాలు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 65 దాటినవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థాయి శ్రమ చేయాలి. కండరాలకు బలమిచ్చే పని కనీసం రెండు రోజులు, తూలకుండా నిలదొక్కుకునే సాధన కనీసం మూడు రోజులు ఉండాలి. మనవాళ్లకు మొదటి వాక్యం తెలుసు. రెండోది దాదాపు ఎవరికీ తెలియదు.

అయితే అడిగి తెలుసుకోవడంలో ఒక చిక్కుంది. మగవాళ్లు ఎక్కువ చెబుతారు, ఆడవాళ్లు తక్కువ చెబుతారు. ఇది నా అనుభవంలో మాట. "రోజూ గంట వాకింగ్ సార్" అనే పెద్దమనిషిని కాస్త గుచ్చి అడిగితే, పార్కు దాకా పది నిమిషాలు, బెంచీ మీద రాజకీయాలు నలభై నిమిషాలు, తిరిగి పది నిమిషాలు అని తేలుతుంది. ఆ బెంచీ కబుర్లు మనసుకు మంచివే, ఆపమని నేననను. గంటలో మాత్రం కలపకండి. ఇంకోవైపు, మనవణ్ని ఎత్తుకుని మెట్లు దిగి, స్కూల్ బస్సెక్కించి, తిరిగొచ్చి, ఇల్లు తుడిచి, బట్టలు ఆరేసిన అత్తమ్మ "నేనేం ఎక్సర్‌సైజ్ చేయను సార్" అంటుంది. ఆమె చేసినదంతా శ్రమే. ఊపిరి కాస్త వేగంగా ఆడుతూ, మాట్లాడగలిగినా పాట పాడలేని స్థితి ఉంటే అది మధ్యస్థాయి శ్రమ. అది పార్కులో జరిగిందా, వంటింట్లో జరిగిందా అన్నది గుండెకు అనవసరం. పైగా ఒక విడతకు కనీసం పది నిమిషాలు ఉండాలన్న పాత నియమాన్ని కూడా 2020లో తీసేశారు. అయిదు నిమిషాలైనా లెక్కలోకి వస్తుంది.

అంతమాత్రాన ఇంటిపనే చాలని కాదు. నిలబడి కూర తరగడం ఒళ్లు వంచడం కాదు. మన దేశంలో పెద్దవాళ్లలో, అంటే 18 దాటిన వాళ్లలో, దాదాపు సగం మంది కావలసినంత కదలడం లేదని 2022కి వేసిన అంచనా 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. అందులో మగవాళ్ల కంటే ఆడవాళ్ల పరిస్థితే అధ్వాన్నం.

అమెరికా నుంచి వచ్చిన వాచీ

కొడుకో కూతురో విదేశంలో ఉంటే ఈ మధ్య తప్పకుండా వచ్చే కానుక స్మార్ట్‌వాచ్. పదివేల అడుగులు టార్గెట్ పెట్టి మరీ పంపుతారు. వారం రోజులు ఉత్సాహం. నాలుగు వేలు దాటడం లేదని దిగులు. తర్వాత చార్జింగ్ అయిపోతుంది, వాచీ దేవుడి గదిలో డ్రాయరులోకి వెళ్తుంది.

ఈ పదివేల సంఖ్య ఏ వైద్య పరిశోధనలోంచీ పుట్టలేదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం ఒకటి అమ్మకానికొచ్చింది. దాని పేరుకు అర్థం 'పదివేల అడుగుల మీటర్'. పేరు బాగుంది, లోకమంతా పాకింది. అసలు లెక్క తేల్చడానికి అమెరికాలో సగటు వయసు 72 ఏళ్లున్న దాదాపు 17 వేల మంది మహిళలకు పరికరాలు కట్టి చూసిన అధ్యయనం 2019లో వచ్చింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు దాదాపు 40 శాతం తక్కువ. 7,500 దగ్గరకొచ్చేసరికి అదనపు లాభం ఆగిపోయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ నడుస్తారన్న సంగతీ ఇందులో కలిసి ఉంటుంది కాబట్టి 40 శాతాన్ని అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. కానీ నాలుగు వేలు వేసే అమ్మ ఓడిపోయినట్టు కాదని మాత్రం అర్థం చేసుకోండి.

వాచీ ఉంటే దాన్ని ఇలా వాడండి. ముందు ఒక వారం ఏ టార్గెట్ లేకుండా మామూలుగా ఉండనివ్వండి. ఏడు రోజుల సగటు తీయండి. 2,300 వచ్చిందనుకుందాం. వచ్చే నెల టార్గెట్ 2,800. అంతే. ఇంకో జాగ్రత్త: మెల్లగా కాళ్లీడుస్తూ నడిచేవాళ్ల అడుగులను, వాకర్ పట్టుకుని నడిచేవాళ్ల అడుగులను చేతి వాచీలు తరచూ తక్కువ లెక్కిస్తాయి. మరి ఎవరి నడకను మనం అందరికంటే జాగ్రత్తగా గమనించాలో, వాళ్ల దగ్గరే వాచీ తడబడుతుంది. అందుకే నాకు వాచీ కంటే కుర్చీ మీద నమ్మకం ఎక్కువ.

కుర్చీ, టైల్స్, సెల్‌ఫోన్

చేతులు లేని మామూలు కుర్చీని గోడకు ఆనించండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. అమ్మను మధ్యలో కూర్చోబెట్టి, చేతులు రెండూ గుండెల మీద అడ్డంగా కట్టుకోమనండి. మీరు పక్కనే నిలబడి ఫోన్లో 30 సెకన్లు పెట్టండి. పూర్తిగా నిలబడి, మళ్లీ కూర్చోవాలి. ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టండి. చేతులు ఆనించాల్సి వస్తే లెక్క సున్నా. 65 నుంచి 69 ఏళ్ల మధ్య మగవాళ్లు 12, ఆడవాళ్లు 11 సార్ల కంటే తక్కువ లేస్తే సగటు కంటే వెనకబడినట్టు. డెబ్బై దాటాక 74 వరకు మగవాళ్లకు 12, ఆడవాళ్లకు 10. ఆపై అయిదేళ్లకు 11, 10. ఈ అంకెలు అమెరికా వృద్ధులను చూసి పెట్టుకున్నవి. మనవాళ్ల మోకాళ్లు, ఎత్తు, అలవాట్లు వేరు. కాబట్టి పక్కింటి ఆంటీతో పోల్చకండి, మొన్నటి నెల అమ్మతో పోల్చండి.

రెండోది నడక. ఇప్పుడు చాలా ఇళ్లలో రెండు బై రెండు టైల్సే. అలాంటివి అయిదు కలిస్తే సరిగ్గా మూడు మీటర్లు. కుర్చీలోంచి లేచి, అయిదు టైల్స్ నడిచి, వెనక్కి తిరిగి, వచ్చి కూర్చోవాలి. రోజూ నడిచే వేగంతోనే, పోటీలా కాదు. 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. మా ఓపీ వరండాలో కూడా ఇదే చేయిస్తాం. పెద్ద యంత్రాలేమీ లేవు.

మూడోది అపార్ట్‌మెంట్ కారిడార్‌లో చేయొచ్చు. పది టైల్స్, అంటే ఆరు మీటర్లు, ఆరు సెకన్లలో దాటగలగాలి. అంతకంటే నెమ్మదైతే కండరాల బలహీనత గురించి ఆలోచించాలని ఆసియా నిపుణుల బృందం 2019లో చెప్పింది. ఈ వేగం రోడ్డు మీద ఏమవుతుందో చూడండి. సిగ్నల్ దగ్గర పాదచారులకు సమయం కేటాయించేటప్పుడు ఇంజినీర్లు సాధారణంగా సెకనుకు 1.2 మీటర్ల నడక వేగం పట్టుకుంటారు. 24 మీటర్ల రోడ్డుకు 20 సెకన్లు. సెకనుకు 0.8 మీటర్లు నడిచే తాతయ్య ఆ 20 సెకన్లలో 16 మీటర్లు దాటతాడు. ఇంకా ఎనిమిది మీటర్లు ఉండగానే బండ్లు కదులుతాయి. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర వృద్ధులు రోడ్డు మధ్యలో చెయ్యి పైకెత్తి నిలబడిపోవడం మీరూ చూసే ఉంటారు. అక్కడ 2023 జూన్‌లో స్కైవాక్ తెరిచారు, లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి. నాలుగడుగులు ఎక్కువైనా దాన్నే వాడించండి.

45 ఏళ్లు దాటినవాళ్లు, వాళ్ల జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా భారతీయులతో 2017-18లో జరిగిన లాసీ సర్వేలో కూడా నడక వేగం, చేతి పట్టు, తూలకుండా నిలబడటం స్వయంగా కొలిచారు. దేశం మొత్తానికి అవసరమనుకున్న కొలత మన హాల్లో అక్కర్లేదా?

పనులు తిరిగి ఇవ్వండి

చిలకానగర్ నుంచి కోడలితో వచ్చిన 68 ఏళ్ల ఆవిడ మొదటిసారి కుర్చీలోంచి లేచింది అయిదుసార్లు. నేను కొత్త మందేమీ రాయలేదు. కోడలిని మాత్రం ఒకటి అడిగాను: పొద్దున పాలు, సాయంత్రం కూరగాయలు అత్తమ్మకే వదిలేయగలరా అని. ఆమెకు ఇష్టం లేదు. "నలుగురూ ఏమనుకుంటారు సార్, కోడలు ఇంట్లో కూర్చుని అత్తను బజారుకు పంపుతోందని అనరా?" ఆ భయం నిజమైనదే. పెద్దవాళ్లను కదలనివ్వకపోవడంలో పరువు కూడా ఒక కారణమని నాకు ఆరోజే స్పష్టంగా అర్థమైంది. చివరికి డాక్టరు చెప్పాడని చెప్పుకోమన్నాను. దానికి తోడు కుర్చీలోంచి పదిసార్లు లేవడం, వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ల మీద పైకి లేవడం, రోజుకు రెండు పూటలా. మూడు నెలల తర్వాత తొమ్మిదిసార్లు లేచింది. మోకాళ్ల నొప్పి పూర్తిగా పోలేదు. కానీ బిళ్లల కోసం రావడం తగ్గింది.

మోకాళ్లు అరిగాయి కాబట్టి నడవకూడదన్న నమ్మకం చాలా గట్టిది. అరుగుదల ఉన్నవాళ్లకు తొడ ముందు కండరం బలపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. నొప్పి కాస్త పెరిగినా మరుసటి రోజుకు మామూలైపోతే భయం లేదు. వాపు, వేడి ఉంటే, లేదా కాలు పట్టుకుపోతే ఆగి చూపించుకోవాలి. కింద కూర్చోలేని వాళ్లను బలవంతంగా కూర్చోబెట్టొద్దు. అలాగే కింద కూర్చుని లేవగలిగినవాళ్లకు "ఇక డైనింగ్ టేబులే" అని మీరే ఆ అలవాటు మాన్పించొద్దు.

జ్వరాలొచ్చినప్పుడు మరీ జాగ్రత్త. జ్వరం తగ్గాక కూడా రెండు వారాలు మంచం దిగనివ్వరు. సగటున 67 ఏళ్ల ఆరోగ్యవంతులను పదిరోజులు మంచం మీదే ఉంచి చేసిన ఒక చిన్న అధ్యయనం 2007లో వచ్చింది. ఆ పదిరోజుల్లో కాళ్లలోనే దాదాపు కిలో కండ కరిగింది. జబ్బేమీ లేనివాళ్లకే అంతైతే, జ్వరంతో సరిగా తిననివాళ్ల సంగతి మీరే ఊహించండి. డాక్టరు వద్దనకపోతే జ్వరం తగ్గిన మర్నాటి నుంచే మంచం పక్కన కుర్చీ, కుర్చీ నుంచి బాల్కనీ.

ఆడవాళ్లకు ఇంకో అవకాశం వచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ఉచిత ప్రయాణం. దాని మంచిచెడ్డల మీద ఎన్ని వాదనలున్నా, అంతకుముందు నెలల తరబడి కాలనీ దాటని అత్తమ్మలు ఇప్పుడు చెల్లెలింటికి, గుడికి వెళ్లొస్తున్నారు. స్టాపు దాకా నడక, బస్సు మెట్టు ఎక్కడం, దిగి మళ్లీ నడక. ఆ మొదటి మెట్టు ఎత్తు చూస్తే అది కూడా ఒక బలపరీక్షే అనిపిస్తుంది. రద్దీ లేని మధ్యాహ్నం పూట తోడుగా వెళ్లండి.

"పడిపోతే ఎవరు చూస్తారు సార్" అనే భయాన్ని నేను కొట్టిపారేయను. మన రోడ్లు అలాగే ఉన్నాయి. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు 2018లో మొదలైన ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగడంతో ఆ దారిలో దుమ్ము, గుంతలు. కాలనీల్లో ఫుట్‌పాత్ ఉన్నచోట బండ్లు, లేనిచోట కుక్కలు. నడవమని చెప్పే ప్రభుత్వాలు నడిచే చోటు చూపించాలి. నా లెక్కలో ఫుట్‌పాత్ కూడా ఒక మందే, కాలనీ సంఘాలు డ్రైనేజీ కోసం ఎంత గట్టిగా అడుగుతాయో దీనికోసం కూడా అంతే అడగాలి. అంతదాకా మెయిన్ రోడ్డు మానేసి, లోపలి గల్లీలో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, మేడ మీద, ఉప్పల్ భగాయత్ లేఅవుట్ లాంటి వెడల్పు రోడ్ల మీద నడవండి. పడిపోవడం బజారులోనే కాదు, ఇంట్లోనూ జరుగుతుంది. బాత్రూమ్‌లో గోడకు ఒక రాడ్, రాత్రికి చిన్న బల్బు, జారని చెప్పులు. మంచం పక్కనున్న డోర్‌మ్యాట్‌ను తీసేయండి.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. షుగర్‌కు ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ వాడేవాళ్లు పరగడుపున వాకింగ్‌కు వెళ్లొద్దు, జేబులో చక్కెర బిళ్ల ఉండాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వట్టి కాళ్లతో నడవొద్దు, గుడి ప్రదక్షిణ కూడా ఎండలో కాదు, పొద్దున్నే. నడుస్తుంటే గుండెలో బరువు, దవడకో ఎడమ చేతికో నొప్పి, ఎప్పుడూ లేని ఆయాసం, కళ్లు తిరగడం వస్తే అక్కడే ఆగాలి. అది వ్యాయామం గురించి ఆలోచించే సమయం కాదు, ఆసుపత్రికి వెళ్లే సమయం.

కొలిచిన అంకెలు రాయడానికి కొత్త పుస్తకం అక్కర్లేదు. గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునే గోడ క్యాలెండర్ ఉంది కదా, ప్రతి నెలా మొదటి ఆదివారం గడిలో రెండే అంకెలు వేయండి. కుర్చీ 10, టైల్స్ 11. వచ్చే నెల మళ్లీ. ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు ఫైలుతో పాటు ఆ అంకెలు కాగితం ముక్క మీద రాసుకు రండి, నాకు రెండు నిమిషాల్లో చాలా తెలుస్తుంది. కుర్చీ లెక్క ఒక్క నెలలో రెండు మూడు తగ్గినా, టైల్స్ లెక్క 12 దాటినా తర్వాతి షుగర్ చెకప్ దాకా ఆగకండి. వచ్చేటప్పుడు అమ్మ వేసుకుంటున్న బిళ్లలన్నీ ఒక సంచిలో వేసుకు రండి, నిద్ర కోసం ఎవరో రాసిచ్చింది, పక్కింటావిడ ఇచ్చింది, అన్నీ. తూలడానికి కారణం కాళ్లలో కాక ఆ సంచిలో ఉన్న సందర్భాలు తక్కువేమీ కావు.